రెండు వేళ్ళ చెక్క

నా చిన్నప్పుడు శనివారం అంటే సెలవు కాదు, అమ్మ. నాన్న పోయిన ఏడాదికి అమ్మకు కృష్ణ అవతలి ఒడ్డున ఒక ఊళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది. నేను జగ్గయ్యపేటలో తాతయ్య దగ్గర ఉండేదాన్ని. శనివారం బడి వదలగానే అమ్మ రేవుదాకా నడిచి, మా మావయ్య నడిపే మోటారు పడవలో ముక్త్యాల వైపు దాటేది. అక్కడ జగ్గయ్యపేట ఆఖరి బస్సు అందితే ఆ రాత్రికే నా దగ్గరికి వచ్చేసేది. అందకపోతే ఆదివారం పొద్దున వచ్చి సాయంత్రానికే వెళ్ళిపోయేది. ఆ వర్షాకాలం వరసగా నాలుగు శనివారాలు బస్సు తప్పిపోయింది.

తప్పు మా తాతయ్యది. రేగడి సేద్యంలో తల పండిన మనిషి, ఆయనకు తెలిసిందల్లా నాగలి. లోతుగా దిగితేనే పట్టు అని చెప్పి, ఇంజను తగిలించే వెనక చెక్కను కోయించి, ఇంజను రెక్కలు నీళ్ళలో బాగా కిందికి దిగేలా చేయించాడు. మేమంతా రైతులమే కాబట్టి అవునన్నాం. పడవ మాత్రం ఎదురు నీళ్ళలో ఈసురోమంటూ కదిలేది.

ఐదో శనివారం మధ్యాహ్నం ఏడ్చి గోల చేసి తాతయ్యను ముక్త్యాల రేవుకు లాక్కెళ్ళాను. అప్పటికే మావయ్య, తాతయ్య కోయించిన చోట ఒక మందపాటి చెక్క పెట్టి, దాని మీద ఇంజను బిగిస్తున్నాడు.

"పట్టు వదిలేస్తావేంట్రా!" అని తాతయ్య ఒడ్డునుంచే కేకేశాడు.

నేను పడవెక్కాను. రేవు వదలగానే ఇంజను కీచుమని అరిచింది. నురగ తప్ప నడక లేదు. ఈ శనివారం కూడా అమ్మకు బస్సు అందదని నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మావయ్య పడవను ఒడ్డుకు తెచ్చి, చెక్కను బాడిసతో చెక్కి రెండు వేళ్ళ మందానికి దించాడు. ఈసారి ఇంజను అరుపు తగ్గింది, పడవ ముక్కు లేచింది, ఒడ్డున తుమ్మచెట్లు గబగబా వెనక్కి పోయాయి.

"మరీ దించితే బలమంతా నీళ్ళని ఈడవటానికే పోద్ది. మరీ లేపితే గాలిని తిప్పుద్ది. ఈ రెండు వేళ్ళే చాలమ్మా," అన్నాడు మావయ్య.

ఆ రోజు అమ్మకు బస్సు అందింది.

ఆదివారం సాయంత్రాలు నేను అమ్మ నడుము చుట్టేసుకుని కదలనిచ్చేదాన్ని కాదు. ఆమె నా వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుని, తల దించుకుని బస్సెక్కేది. వెనక్కి చూస్తే ఇక వెళ్ళలేకపోయేది మరి. ఆ ఆదివారం ఎందుకో మావయ్య మాట మనసులో మెదిలింది. అమ్మ చెయ్యి మాత్రమే పట్టుకుని బస్సుదాకా నడిచి, అక్కడ వదిలేశాను. అమ్మ నిదానంగా ఎక్కి కూర్చుని, బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి నన్నే చూసింది.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఎప్పుడు తలచుకున్నా ముందుగా ఆ కిటికీలోని ముఖమే కళ్ళముందుకొస్తుంది. ఆ సాయంత్రం ఇంకాస్త గట్టిగా పట్టుకుని ఉంటే, ఆ ముఖం నాకు దక్కేది కాదు.