టీబీ అని చెప్పాను

ఇరవై ఏళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అంటే ఎంతో కష్టపడ్డట్టు వినిపిస్తుంది. అదీ నిజం కాదు. వేళకు తిన్నాను. పెళ్ళి చేసుకున్నాను. పిల్లల్ని చదివించుకున్నాను. ఏ పెళ్ళిలోనో, ఏ బస్సులోనో పాలు తాగుతున్న పసిబిడ్డ కనబడినప్పుడు మాత్రం అది వచ్చి గుండెల మీద కూర్చునేది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా మీద జాలి మాత్రం పడకండి. జాలి చూపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇల్లు పుంగనూరులో. రోజూ బస్సులో పోయి వచ్చేవాణ్ణి. ఇంట్లో అమ్మ, అన్న, వదిన. అన్నది పట్టుగూళ్ళ వ్యాపారం. రైతుల దగ్గర గూళ్ళు కొని కర్ణాటక మార్కెట్లకు తోలేవాడు. కుప్పం దగ్గర మల్బరీ పెంచే ఒక రైతు ఇంటికి గూళ్ళ కోసం పోతూ పోతూ ఆ ఇంటి పిల్లనే చేసుకున్నాడు. వదిన పదో తరగతి చదివింది. పేపరు వస్తే చివరి పేజీ దాకా చదివేది. నా బస్సు ఎంత ఆలస్యమైనా నాకు అన్నం పెట్టాకే తాను తినేది.

పెళ్ళయిన ఏడాదికి అన్నకు జ్వరం పట్టుకుంది. తగ్గేది, మళ్ళీ వచ్చేది. మనిషి సగమయ్యాడు. నేనే రక్తం తీసి పరీక్ష చేశాను. హెచ్‌ఐవి. ఆసుపత్రి వెనక టీ అంగడిలో కూర్చోబెట్టి చెప్పాను. పెళ్ళికి ముందు ఊళ్ళు తిరిగినప్పుడు జరిగిన తప్పు అన్నాడు. పెళ్ళానికి చెప్పొద్దని నా చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికి వదినకు ఐదో నెల.

అమ్మకు చెప్పాను. ఆ పిల్లకు తెలిస్తే పుట్టింటివాళ్ళకు తెలుస్తుంది, పరువు పోతుంది అంది. నేను తలాడించాను. ఎందుకు ఆడించాను? ఎవరి పరువు? ఊళ్ళు తిరిగి జబ్బు తెచ్చుకున్నవాడి పరువు. దాన్ని కాపాడటానికి కన్నతల్లి ఒక పక్క, తోడబుట్టిన నేను ఒక పక్క కాపలా కాశాం.

వదినకు రక్తం తక్కువగా ఉందేమో చూడాలని నా దగ్గరికే తీసుకొచ్చారు. పరీక్ష అయ్యాక ట్యూబులో కొంచెం రక్తం మిగిలింది. ఎవరికీ చెప్పకుండా దాన్ని హెచ్‌ఐవి కార్డు మీద వేశాను. చుక్క తేలింది. అంటే వదినకూ ఉంది. తర్వాత కార్డును చెత్తబుట్టలో పారేసి, చేతులు కడుక్కుని, వరసలో ఉన్న ఇంకో మనిషిని రమ్మన్నాను.

మీరు అనుకోవచ్చు, చెప్పినా ఏం లాభం, ఆ రోజుల్లో మందేదీ అని. నేనూ నాకు అదే చెప్పుకోవాలని చూశాను. కానీ నాకు తెలుసు. అదే నా నేరం. ఆ సంవత్సరమే మాలాంటి ల్యాబ్ వాళ్ళకు శిక్షణ పెడితే వెళ్ళాను. ఆఫ్రికాలో గర్భిణుల మీద పరిశోధన చేసి కొత్తగా ఒక సంగతి కనుక్కున్నారని అక్కడి డాక్టరు చెప్పాడు. నొప్పులు మొదలయ్యాక తల్లికి ఒక్క మాత్ర. పుట్టిన బిడ్డకు కొన్ని చుక్కల మందు. అంతే. బిడ్డకు జబ్బు సోకే ప్రమాదం దాదాపు సగం తగ్గుతుంది. ఆ మాత్ర తిరుపతిలో దొరుకుతోందని కూడా చెప్పాడు. నేను ముందు వరసలో కూర్చుని విన్నాను. తిరుపతి ఎంత దూరం? బస్సెక్కితే ఒక పూట ప్రయాణం.

ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వదిన వాకిట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. అమ్మ ఇంట్లో లేదు. అన్న లోపల పడుకున్నాడు. గొంతు తగ్గించి అడిగింది.

“మీ అన్నకు ఏం జబ్బో నిజం చెప్పప్పా. ఆయన్ని అడిగితే గోడ తట్టు తిరుక్కుంటాండాడు.”

“టీబీ వదినా.”

“టీబీకి మందులుండాయి గదా. యాల ఇంత దాసేది?”

“ఊర్లో తెలిస్తే బాగుండదని.”

“నా రక్తం గూడా సూసినావు గదా. నాకేమీ లేదు గదా? కడుపులో బిడ్డ ఉండాది, దానికే అడుగుతాండాను.”

ఆమె అడిగింది. నోరు తెరిచి అడిగింది. అంతకంటే తేలిక చేసి నాకు ఎవరు అవకాశం ఇస్తారు?

“రక్తం రవ్వంత తక్కువుండాది. ఆకుకూరలు తిను,” అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. “నువ్వు సూసినావంటే ఇంగ నాకు దిగుల్లేదు,” అంది.

కాన్పు పుట్టింట్లోనే, కుప్పం దగ్గర జరిగింది. ఆడపిల్ల. చూడటానికి వెళ్ళాను. వదిన బిడ్డకు పాలిస్తోంది. పాల ద్వారా కూడా సోకుతుందని నాకు తెలుసు. పాప ముద్దుగా ఉందని చెప్పి వచ్చేశాను.

పాపకు ఏడాది నిండకముందే అన్న పోయాడు. టీబీ అనే అందరికీ చెప్పాం. తర్వాత పాపకు మొదలైంది. విరేచనాలు, జ్వరం, నోరంతా తెల్లపూత. పాలు తాగలేక ఏడ్చేది. ఆ ఏడుపు కూడా గట్టిగా వచ్చేది కాదు. నడక రాకముందే పాప చనిపోయింది. కుప్పంలో ఒక డాక్టరు అనుమానపడి తల్లికి పరీక్ష చేయించాకే వదినకు తన సంగతి తెలిసింది.

ఆ కబురు పుంగనూరు చేరిన రోజు అమ్మ వీధిలో నిలబడి, ఆ జబ్బు కుప్పం పిల్లే తెచ్చిపెట్టిందని, తన కొడుకును అదే మింగిందని అందరికీ వినబడేలా అరిచింది. నేను గడపలో ఉన్నాను. కాదని చెప్పగలిగిన మనిషి ఆ వీధిలో నేనొక్కణ్ణే. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను. ఆ మాటే ఊళ్ళో నిలిచిపోయింది.

ఆ మాత్ర సగం మందికే పనిచేస్తుంది, మన పాప రెండో సగంలో ఉండేదేమో అని ఎన్ని రాత్రులు లెక్కలు వేసుకున్నానో. సిగ్గులేని లెక్క. ఆ సగం నాది కాదు. ఆ పాపది. ఆ అవకాశం దానికి దక్కకుండా చేసే హక్కు నాకెవరిచ్చారు? అమ్మ మీద కోపం ఉంది. చచ్చిపోయిన అన్న మీదా ఉంది. కానీ వాళ్ళకు ఆ మాత్ర సంగతి తెలియదు. నేను చెబితే కదా.

ప్రభుత్వం మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాక వదిన కోలుకుంది. కొన్నేళ్ళ తర్వాత పనిమీద కుప్పం వెళ్ళినప్పుడు బస్టాండులో ఆమే నన్ను గుర్తుపట్టి పిలిచింది. పల్లెల్లో గర్భిణులను కలిసి, నచ్చజెప్పి, హెచ్‌ఐవి పరీక్షకు తీసుకొచ్చే పని చేస్తోందట. నాకు కాఫీ ఇప్పించింది. అమ్మ ఆరోగ్యం అడిగింది. అన్ని మాటలు అనిపించుకున్న మనిషి, అమ్మ బాగుందా అని అడిగింది.

“ఇప్పుడు ఒగ మాత్రతో ఎంతమంది బిడ్డలు బాగుండారో,” అంది. “అప్పుడు మనకు ఎవురికీ తెల్లేదు గదప్పా. తెలిసుంటే నువ్వు ఊరుకునేవాడివా?”

కాఫీ తాగాను. గ్లాసు కింద పెట్టాను. బస్సు వచ్చింది, ఎక్కాను.

నాకు తెలిసి కూడా ఊరుకున్నాను వదినా. ఆ వాక్యాన్ని మొదటిసారి రాశాను. నీ ముఖం చూసి చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. ఇది ఎప్పుడైనా నీ కంటబడితే నన్ను క్షమించకు. క్షమిస్తావేమోనని భయంగా ఉంది. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ మాత్రం సుఖం కూడా నాకు దక్కకూడదు. అయినా దక్కింది.