రెండో హబ్బు

మా మావయ్య పోయారు. పోయి నెలైంది. రాజమండ్రిలో కోరుకొండ రోడ్డు మీద పాత జీపులు బాగుచేసే షెడ్డు ఆయనది. కబురు తెలిసి వచ్చిన డ్రైవర్లలో సగం మంది కళ్లు తుడుచుకున్నారు. మిగతా సగం మంది ఇక తిట్టేవాడు లేడని ఊపిరి పీల్చుకున్నారు. నేను రెండూ చేశాను. ఇరవై రెండేళ్లు ఆయన దగ్గర పనిచేసిన మేనల్లుణ్ణి, ఆ మాత్రం హక్కు నాకుంది.

ఆయన తిట్లు తెలియాలంటే జీపు గురించి కాస్త చెప్పాలి. ఇసుకలో ఇరుక్కున్న జీపు బయటపడాలంటే ముందు చక్రాలు కూడా లాగాలి. సీటు పక్కనున్న చిన్న రాడ్డు లాగితే ట్రాన్స్‌ఫర్ కేసు అనే ఇనప పెట్టె ఇంజను బలాన్ని ముందుకు పంపుతుంది. అది చక్రాలకు అందాలంటే మనం కిందికి దిగి, రెండు ముందు చక్రాలకీ నడిమధ్య ఉండే హబ్బుల్ని, అంటే గుండ్రటి బిళ్లల్ని, చేత్తో ఫ్రీ నుంచి లాక్‌కి తిప్పాలి. ఒకటి తిప్పి ఒకటి మర్చిపోతే ఏదీ తిప్పనట్టే. బలమంతా మర్చిపోయిన వైపుకే పోయి వృథాగా తిరుగుతుంది.

దిగే పని లేని ఆటోమేటిక్ హబ్బులు కూడా ఉన్నాయి. అవి వేయమని ఒకసారి తెల్ల పంచె కట్టుకున్న రైతుగారొకాయన వచ్చారు.

"దిగడానికి బద్ధకమైతే జీపెందుకండీ మీకు? అమ్మేసి మంచం కొనుక్కోండి," అన్నారు మావయ్య. పరాయివాళ్లను తిట్టినా 'అండి' మాత్రం తప్పేది కాదు.

రైతుగారు మొహం ముడుచుకుని వెళ్లిపోయాక మావయ్య నాకు అసలు సంగతి చెప్పారు. "ఇరుక్కున్నప్పుడు బండిని ముందుకీ వెనక్కీ ఆడిస్తాం కదరా. వెనక్కి కదలగానే ఆ ఆటోమేటిక్‌లు వదిలేస్తాయి. చేత్తో తిప్పింది చెయ్యి చెప్పేదాకా వదలదు." ఈ ముక్క ఆ రైతుగారికే చెప్పొచ్చు కదా అంటే, "అడిగాడా?" అన్నారు.

పాత ట్రాన్స్‌ఫర్ కేసు కొనేటప్పుడు అందరూ పైపైన తుడిచి, రాడ్డు ఆడించి చూస్తారు. మావయ్య అడుగు బోల్టు విప్పించి, కారిన నూనెని రెండు వేళ్ల మధ్య రుద్ది ఎండలో పెట్టి చూసేవారు. లోపల అరిగి రాలిన ఇత్తడి పొడి తళుక్కుమందా, బేరం అక్కడితో సరి. గొలుసుతో నడిచే రకమైతే ఊరికే ఇచ్చినా ముట్టుకునేవారు కాదు. పళ్ల చక్రాలుంటేనే సరుకు లోపలికి వచ్చేది.

ఆయన నోట్లో ఎప్పుడూ నానే మాట "రెండోది?" నేను ఒక హబ్బు తిప్పి నిలబడితే "రెండోది?" అత్తయ్య ఆయనకొక్కరికే కాఫీ తెచ్చి, ఎదురుగా కూర్చున్నవాళ్లకు తేకపోతే "రెండోది?" నా పెళ్లైన మూడో రోజు నేనొక బండికి రెండో హబ్బు మర్చిపోయాను. పిల్లనిచ్చిన మావగారు చూస్తుండగా మావయ్య నన్ను ఆ జీపు చుట్టూ నూరుసార్లు తిప్పించారు. ప్రతి చుట్టుకీ ఆ చక్రం దగ్గర వంగి ఒక హబ్బు, ఈ చక్రం దగ్గర వంగి ఒక హబ్బు తిప్పాలి. మే నెల ఎండ. మా మావగారు డెబ్భయ్యో చుట్టుకి లేచి వెళ్లిపోయారు. ఆ రోజు మావయ్యని చంపేయాలనిపించింది. ఈ రోజు నా ఇంట్లో ఉడుకుతున్న అన్నం ఆ తిట్లు పెట్టిందే. రెండూ నిజమే.

అత్తయ్యకైతే ఆయన నోట ఒక్క మంచి మాట కూడా దక్కలేదు. కూరలో ఉప్పు సరిపోతే మాట ఉండదు. సరిపోకపోతే షెడ్డు నుంచి ఫోన్ చేసి మరీ చెప్పేవారు. నలభై ఏళ్లు అలాగే గడిచాయి.

పోయిన నెల పోలవరం ఎగువన ఒక జీపు ట్రాన్స్‌ఫర్ కేసు పగిలిందంటే మావయ్యా నేనూ మా జీపులో వెళ్లాం. పని ముగించి మధ్యాహ్నం తిరిగొస్తుంటే ఏటి ఒడ్డు దారిలో ఆయనకి గుండె నొప్పి వచ్చింది. వెనక సీట్లో పడుకోబెట్టి తొందరగా నడిపాను. అంత తొందరలో జీపుని ఇసుకలో దింపేశాను.

రాడ్డు లాగాను. దూకి నా వైపు హబ్బు తిప్పాను. ఎక్కి ఇంజను అరిపించాను. బండి ఇంకా కిందికి దిగింది.

వెనకనుంచి అడిగారు, "ఏరా, రెండోది తిప్పావా?"

"తిప్పాను! నోరు మూసుకుని పడుకో!" అని అరిచాను.

జన్మలో ఆయన్ని నువ్వు అనలేదు. ఆయన జన్మలో నా మాట వినలేదు. ఆ ఒక్కసారి విన్నారు. నోరు మూసుకున్నారు.

ముప్పావు గంట తర్వాత ఒక ఇసుక ట్రాక్టరు వచ్చి మమ్మల్ని లాగింది. ఆసుపత్రిలో డాక్టరుగారు మావయ్య చెయ్యి పట్టుకుని చూసి, "ఓ అరగంట ముందు తెచ్చుంటే ప్రయత్నం చేద్దుమండి," అన్నారు. బయటికొచ్చి జీపు దగ్గర కూలబడ్డాను. ఎదురుగా ఎడమ చక్రం. హబ్బు ఫ్రీలో ఉంది.

అత్తయ్య ఏడుస్తూ ఒక్కటే అడిగింది. "ఆఖర్న ఏమన్నార్రా?"

"నీ గురించే అడిగారత్తయ్యా. నిన్ను బాగా చూసుకోమన్నారు," అన్నాను.

ఆవిడ మొహం నేను భరించలేనంతగా వెలిగింది. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్లకీ ఆ మాట చెప్పింది, ఇప్పటికీ చెబుతోంది. చదివేవాళ్లలో ఆవిడ్ని ఎరిగినవాళ్లుంటే, దయచేసి ఇది ఆవిడకి చదివి వినిపించకండి.

జీపు షెడ్డులోనే ఉంది. నేను దాన్ని ముట్టుకోలేదు. అత్తయ్యే రోజూ వచ్చి పాత చీర ముక్కతో తుడుస్తుంది. మొన్న కుడి చక్రం తుడిచి, నెమ్మదిగా చుట్టూ తిరిగి ఎడమ చక్రం దగ్గరికి వెళ్లి ఆగింది.

"ఇదేంట్రా, అటుది లాక్‌లో ఉంది, ఇది ఫ్రీలో ఉంది?"

నేను బల్ల కింద పానా వెతకసాగాను.

"రెండోది మర్చిపోయావు. ఆయనుంటే చంపేసేవారు నిన్ను," అని నవ్వింది. ఆయన పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో పట్టుకుని, ఎండిన ఇసుక రాలుతుండగా హబ్బుని లాక్‌కి తిప్పింది.