పేరు తెలియని వాళ్లు వెతికినా మా విస్తర్లే

నిన్న పొద్దున ఖమ్మం ఖానాపురం హవేలి నుంచి ఫోన్ వచ్చింది. మా సుజాత ఉండే కిరాయి ఇంటి ఓనరమ్మ. "అమ్మా, జల్దీ రాండ్రి" అంది. ఎందుకో చెప్పలేదు.

బస్సులో ఉండగానే రెండో ఫోన్.

నా బిడ్డ లేదు. గుండె ఆగిందట. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

ఇంకా నమ్మలేకపోతున్నాను.

కానీ ఇక్కడ ఏడుపు గురించి రాయను. దాని గెలుపు గురించి రాస్తాను. ఇది దాని ఫేస్‌బుక్ పేజీ, దాని ఫ్రెండ్స్ అందరూ చూస్తారు. తప్పులుంటే ఏమనుకోకండి.

పినపాకలో మేం పదకొండు మంది ఆడవాళ్లం సంఘం పెట్టుకుని, ఒక షెడ్డులో అడ్డాకులతో విస్తర్లు కుట్టేవాళ్లం. ప్లాస్టిక్ ప్లేట్లు వచ్చాక అడిగేవాళ్లు లేరు. షెడ్డు మూసేద్దాం అనుకున్నాం. ఖమ్మంలో జాబ్ చేసుకుంటూనే సుజాత మాకు వెబ్‌సైట్ చేసిపెట్టింది.

మణుగూరు నెట్ సెంటర్‌కు పోయి మా సంఘం పేరు కొట్టించి చూశాం.

మేమే ఫస్ట్!

మా సంఘంలోని కమలక్క కిలో లడ్డూలు కొని పంచింది. సుజాతకు ఫోన్‌లో చెప్తే పడీపడీ నవ్వింది.

"ఓ పిచ్చి అమ్మా! మన పేరు తెల్సినోళ్లు వెతుకుడెందుకే? తెల్వనోళ్లు ఏం కొడతరో అది కొట్టిపిచ్చి చూడు."

'లీఫ్ ప్లేట్స్ హోల్‌సేల్' అని కొట్టించాం. ఏడు పేజీలు తిప్పినా మేం లేం.

"నా లడ్డూల పైసలు ఎవలిస్తరే?" అంది కమలక్క.

అప్పుడే ఒక ఏజెన్సీ ఆయన, ఇరవై వేలు ఒక్కసారే కడితే నెలలో ఫస్ట్ పేజీకి తెస్తానన్నాడు. మా దగ్గరున్నదే అంత. ఇచ్చేద్దామన్నాను. సుజాత ఒప్పుకోలేదు.

"నెలకు రెండు వేలే పెడదాం. పది నెలలు ఓపిక పట్టు. రాకుంటే నా జీతంలకెళ్లి అంతా వాపస్ ఇస్త."

ఆ రెండు వేల బడ్జెట్ కూడా తనే రాసిచ్చింది. సగం రాతకు. విస్తరి ఎన్నాళ్లుంటది, పులుసు కారదా, ఎంత దూరం పంపుతారు, ఇట్లా కొనేవాళ్లు అడిగేవాటికి జవాబులు. మిగతా సగం ఫోటోలకు, సైట్ తొందరగా తెరుచుకునే రిపేర్లకు. పైన రంగుల బొమ్మలు కదలాలని నేను పంచాయితీ పెట్టుకున్నాను. "రంగులు చూసి ఆర్డర్ ఇయ్యరే అమ్మా" అంది.

నాలుగు నెలలు ఒక్క ఆర్డర్ లేదు.

"నీ బిడ్డ మన పైసలు గాలిల కలుపుతుంది" అన్నారు మావాళ్లు. నేనూ తిట్టాను. అది మాత్రం ఆపలేదు.

ఎనిమిదో నెలలో విజయవాడ నుంచి క్యాటరింగ్ ఆయన ఫోన్. ఫస్ట్ పేజీలోనే కనిపించామట. ఐదు వేల విస్తర్లు!

షెడ్డులో ఎగిరి గంతులేశాం. ఇప్పుడు మేం ఇరవై మూడు మందిమి.

ఇవాళ పొద్దున కూడా ఒక కొత్త ఫోన్ వచ్చింది. నెల్లూరు నుంచి. పెళ్లికి విస్తర్లు కావాలట. ఆర్డర్ రాసుకున్నాను.

మా గురించి ఎవరు చెప్పారు బాబూ అని అడిగాను.

"ఎవరూ లేరమ్మా, నెట్‌లో వెతికితే ముందు మీరే వచ్చారు."

"నా బిడ్డ చెప్పింది" అన్నాను.

గెలిచినవ్ బిడ్డా. ఇక అలసట లేకుండా పడుకో. నీ ఆత్మ చల్లగా ఉండాలి.

మీ అమ్మ