పిన్ని పెనం కొనే పద్ధతి

మా పిన్ని కళ్ళు మూసుకుని, ఎడమచేత్తో గుడ్డు వేయించి చూడందే పెనం కొనదు. అదీ కొట్లోనే.

విన్నవాళ్ళంతా నవ్వుతారు, గిన్నెల కొట్లవాళ్ళు తప్ప. ఆవిడ వీధి మలుపు తిరిగిందంటే ఒకాయన భోజనానికి వెళ్తున్నట్టు షట్టరు సగం దించేసేవాడు. పిన్ని ఆ సగంలోంచే వంగి లోపలికి వెళ్ళేది. భుజాన సంచి, సంచిలో స్టీలు డబ్బా, డబ్బాలో పాతగుడ్డ చుట్టి పడుకోబెట్టిన గుడ్లు.

పక్కింట్లో ఏళ్ళ తరబడి ఉండే నాన్‌స్టిక్ పెనం పిన్ని ఇంట్లో నాలుగు నెలలుంటే గొప్ప. పూతంతా గీరుకుపోయి, చెక్కులు చెక్కులుగా లేచిపోయేది. "అది పెనం మీద వండుతుందా, పెనాన్నే చెక్కుతుందా?" అనేది మా అమ్మ.

"పెనమే కదక్కా, మొగుడా, ఎలా ఉన్నా భరించడానికి?" అనేది పిన్ని. పక్కనే పేపరు చదువుతున్న బాబాయి చప్పున పేజీ తిప్పేవాడు.

నాకు వాళ్ళ ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. ఇల్లు దొరికేదాకా పిన్ని దగ్గరే దిగాను. దిగిన రోజే నన్ను వెంటబెట్టుకుని కొట్టుకు బయల్దేరింది.

కొట్టాయన పై అరలోంచి ఖరీదైనది దించాడు. "జీవితాంతం గ్యారంటీ అమ్మా."

"ఎవరి జీవితాంతం?"

"పెనం జీవితాంతం."

"పూత పోయిన రోజున దాని జీవితం అయిపోయినట్టేగా. చవకది చూపించు."

చవకవన్నీ బల్ల మీదికొచ్చాయి. ఒకటి ఎడమచేత్తో ఎత్తి, "బరువు, మణికట్టు పట్టేస్తుంది" అంది. ఇంకోదాని పిడి నున్నగా ఉంది, జారుతుంది. మూడోది ఎర్రరంగు. "నల్లదే కావాలి. పాతదానికి కవల పిల్లలా ఉండాలి."

"పాతది నచ్చకేగా అమ్మా, కొత్తది కొంటున్నారు?"

"నీకెందుకు? ఆ కరెంటు పొయ్యి వెలిగించు."

కళ్ళు మూసుకుని, తడుముకుంటూ గుడ్డు కొట్టింది. మొదటిది సగం పెనంలో, సగం బల్ల మీద. జనం పోగయ్యారు. నేను అరల వెనక్కి తప్పుకుని, నాకేమీ సంబంధం లేనట్టు మూతలు లెక్కపెట్టుకోసాగాను.

"ఏమ్మా, పందెమా?" అడిగాడు ఓ పెద్దాయన.

"పెనం కొంటున్నాను. మీరు కళ్ళు తెరుచుకునే కొనేస్తారా?" అంది పిన్ని. ఆయన తన చేతిలోని గిన్నెను అనుమానంగా తిప్పి చూసుకున్నాడు.

రెండో గుడ్డు నూనె చుక్క లేకుండా జారింది, గాల్లోకి లేచి బుద్ధిగా పెనంలోనే పడింది. పిన్ని కళ్ళు తెరిచి, "ఇది కట్టు" అంది.

ఇంటికొస్తూనే అంటించిన కాగితం పీకేసి, పిడి మెరుపు పోయేదాకా తోమి, కొత్తదాన్ని పాతదాని మేకుకే తగిలించింది. పాతదాన్ని పేపర్లో చుట్టి అటక మీదికి తోసింది.

"దాచడమెందుకు పిన్నీ?"

"నోర్మూసుకో."

మర్నాడు పొద్దున్నే వంటింట్లోంచి కర్ర్... కర్ర్... మని చప్పుడు. వెళ్ళి చూస్తే పొయ్యి ముందు తాతయ్య, అంటే పిన్ని మామగారు. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయిందనీ, చూపు మందగించిందనీ తెలుసు. వంట చేస్తాడని తెలియదు. ఎడమచేత్తో స్టీలు చెంచా పట్టుకుని, గుడ్డును వెతుక్కుంటూ పెనమంతా దున్నుతున్నాడు.

"చూశావా మనవరాలా, ఇన్నాళ్ళయినా ఈ పెనానికి గుడ్డు అంటుకోదు. వాడటం తెలియాలి. మీ పిన్ని చేతిలో పడితే వారం ఉండేది కాదు."

నిన్న కొట్టునంతా గడగడలాడించిన పిన్ని తలుపు పక్కన నిలబడి, "నిజమే మామయ్యగారూ, నాకు చేతకాదు" అంది. ఆయన పొయ్యి ఆర్పేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు.

తర్వాత వసారాలో నేను పిన్నిని వదల్లేదు. చివరికి గొంతు తగ్గించి చెప్పింది.

"చెయ్యి పడిపోయాక ఆయన మంచం దిగలేదే. ఎవరితోనూ మాటల్లేవు. ఓ రోజు నేనే, 'ఆఫీసుకి టైమైంది, మీ గుడ్డు మీరే వేసుకోండి' అనేసి వెళ్ళిపోయా. మీ బాబాయి నా మీద మండిపడ్డాడు. సాయంత్రం వచ్చేసరికి వంటిల్లంతా రణరంగం. ఈయన మాత్రం గుడ్డు తినేసి, గెలిచినవాడిలా కూర్చున్నాడు. ఆ రోజు నుంచి పొద్దుటి వంటిల్లు ఆయనదే."

"ఓ చెక్క గరిటె ఇవ్వొచ్చుగా?"

"ఇచ్చా. పిల్లలాటనుకున్నావా అని కిటికీలోంచి విసిరేశాడు. పోనీలే, పెనం పోతే పెనం."

ఇంతలో తాతయ్య గోడకి భుజం ఆనించుకుంటూ వచ్చి, పిన్ని చేతిలో పళ్ళెం పెట్టాడు. ఆమ్లెట్టు ఓ పక్క మాడింది, ఓ పక్క పచ్చిగా ఉంది. పిన్ని ఓ ముక్క నోట్లో పెట్టుకుంది.

"ఉప్పెక్కువైంది."

"సరిగ్గానే ఉంది."

"ఎక్కువైంది మామయ్యగారూ."

"నీ నాలుకే మొద్దుబారింది. రేపూ ఇంతే వేస్తాను, ఏం చేస్తావో చెయ్యి."

"వెయ్యండి, నేనూ చూస్తా," అంటూ పిన్ని పంటికింద పడ్డ పెంకు ముక్కను చప్పుడు కాకుండా మింగేసింది.