అయిదు రోజుల పాలు

మా అత్తకూ నాకూ ఏ విషయంలోనూ మాట కలిసేది కాదు. ఒకే ఒక్కసారి కలిసింది. అప్పుడు ఇద్దరమూ తప్పే చేశాము.

ఆ కార్తీకంలో తిరుపతిలో ముసురు పట్టింది. నా బిడ్డకు అయిదో నెల. మా ఆడబిడ్డ తన పిల్లలిద్దరితో వచ్చి ఉండింది. ఆ పిల్లలు దగ్గుతూనే చిన్న మరదలిని ఎత్తుకుని ముద్దులాడేవాళ్లు. వాళ్ల దగ్గు ముందు నాకు అంటుకుంది. జలుబు, ఒళ్లునొప్పులు, కాస్త జ్వరం.

బిడ్డను ఒళ్లోకి తీసుకోబోతుంటే అత్త అడ్డం వచ్చింది.

"ఏం మే, ఇప్పుడు పాలిస్తావా? నీ జలుబంతా పాలల్లో బిడ్డకు దిగిపోతాది."

మదరాసులో ఇంటరు చదివినదాన్ని. పాలల్లో జలుబు దిగుతుందంటే నమ్మలేదు. కానీ రోగం దగ్గు తుంపర్లలో అంటుకుంటుందని చదివి ఉన్నాను. అందుకని, "అవునత్తా, నేను దూరంగా ఉండడమే మంచిది," అన్నాను.

అత్త బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "నా మాటకు నువ్వు అవునన్నావా! అదీ సంగతి, అందుకే వాన ఇట్ల ఇడవకుండా కురస్తా ఉండాది."

ఇద్దరమూ నవ్వుకున్నాము.

నేను వీధిగదిలో పడుకున్నాను. వెచ్చగా ఉంటుందని బిడ్డకు వంటింట్లో పొయ్యి పక్కన చీర ఉయ్యాల కట్టారు. ఆవుపాలలో నీళ్లు కలిపి ఉగ్గుగిన్నెతో పోసేవాళ్లు. యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకదు, బొగ్గులు దొరకవు, తడిసిన చింతకట్టెలే గతి. మంటకంటే పొగ ఎక్కువ. చలిగాలి తగలకూడదని పెరటి తలుపూ కిటికీ మూసేశారు. గుమ్మంలోంచి చూస్తే ఉయ్యాల పొగలో మసగ్గా కనిపించేది. చలికంటే ఇదే నయం అనుకున్నాను.

బిడ్డ ఏడ్చినప్పుడల్లా నా రవికె తడిసిపోయేది. పెరట్లోకి వెళ్లి, ఎవరూ తొక్కని చోటని అత్త చూపించిన కరివేపచెట్టు మొదట్లో పాలు పిండేసేదాన్ని. వాననీళ్లలో ఒక్క క్షణం తెల్లగా నిలిచి కలిసిపోయేవి. నాలుగో రోజుకు నా జలుబు తగ్గింది. పూర్తిగా పోనీ అని ఇంకొక రోజు ఆగింది నేనే. అత్త కాదు.

అయిదో రోజు పొద్దున ఉయ్యాలలోంచి ఏడుపు వినిపించలేదు. అత్త కేక వినిపించింది.

"అమ్మాయ్, ఇట్రా! బిడ్డ డొక్కలెగరేస్తా ఉండాది సూడు!"

చొక్కా ఎత్తి చూశాను. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. మా ఆయన జట్కా తెచ్చారు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ వయసు మళ్లిన మనిషి. బిడ్డ మీదికి వంగి, వెంటనే తల ఎత్తారు. "ఏందమ్మా ఈ పొగ వాసన? బిడ్డను పొయ్యిలో పండబెట్టినారా? పాలు ఇస్తా ఉండావా?"

"నాకు జలుబు చేసిందని అయిదు రోజులుగా ఇవ్వలేదండీ."

"మానమని ఎవరు చెప్పినారు?"

అత్త నోరు తెరిచింది. ఆమె కంటే ముందే నేను, "నేనే మానేశానండీ," అన్నాను.

"చదువుకున్నదాని మాదిరి ఉండావే! మూతికి గుడ్డ కట్టుకుని ఇచ్చింటే సరిపోయేది గదా. రోగాన్ని తట్టుకునే బలమంతా ఆ పాలల్లోనే ఉండాది తల్లీ."

నెమ్ము చేసిందని తెల్లబిళ్లలు పొడిచేసి పట్టించారు. నాలుగు రోజులకు ఊపిరి నెమ్మదించింది. ఇంటికి వచ్చిన రోజే అత్త ఎవరికీ చెప్పకుండా పెరట్లో చూరు కింద మూడు రాళ్లు పెట్టి పొయ్యి వేసింది. జల్లుకు వీపు తడుస్తుంటే అక్కడే వండింది.

ఆ రోజుల్లో ఇంకిపోయిన నా పాలు మాత్రం తిరిగి రాలేదు. డాక్టరమ్మ చెప్పినట్టు రెండు గంటలకొకసారి బిడ్డను రొమ్ముకు పట్టుకునేదాన్ని. మొదట ఆత్రంగా అందుకునేది. ఏమీ రాకపోయేసరికి నా మొహంలోకి ఒకసారి చూసి, తల తిప్పుకుని ఏడ్చేది. అత్త మునగాకు వండింది, వెల్లుల్లి కాల్చి పెట్టింది, పులికాటు వైపు పోయేవాళ్లతో సొరచేప తెప్పించింది. అన్నీ తిన్నాను. కొన్నాళ్లకు ఆ చిన్ననోరు వెతకడం కూడా మానేసింది.

ఇప్పుడు దానికి ఏడాది దాటింది. ఇది రాస్తున్న రాత్రి కూడా పక్కగదిలో అత్త పక్కలోనే నిద్రపోతోంది. దగ్గిందేమోనని ఇప్పటికి రెండుసార్లు వెళ్లి చూసి వచ్చాను. ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. ఆస్పత్రిలో నేను దేవుణ్ణి అడిగింది అంతే. అంతకుమించి అడగడానికి నోరు రాదు. కానీ ఆడుకోవడానికి నా దగ్గరికి వచ్చే బిడ్డ, నిద్ర ముంచుకొస్తే అత్తను వెతుక్కుంటూ పోతుంది. గిన్నెతో పాలు పోసి బతికించింది ఆ చేయి. బిడ్డ తప్పేముంది?

నిన్న మధ్యాహ్నం అత్త దాన్ని తెచ్చి నా ఒళ్లో వేసింది. "నాకు నడుం నొస్తా ఉండాది. ఈరోజు నువ్వే నిద్రబుచ్చు మే."

నడుమునొప్పి ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. అత్త పెరట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. బిడ్డ ఆ తలుపు వైపు చేతులు చాపి ఏడ్చింది, నన్ను తన్నింది, వెనక్కి విరుచుకుపడింది. పిలిచి ఇచ్చేద్దామని రెండుసార్లు అనుకున్నాను. చివరికి అలసిపోయి, ఇంకా వెక్కుతూనే, నా మెడ కింద మొహం దాచుకుంది. వెక్కిళ్లు మెల్లగా తగ్గాయి. వెచ్చటి ఊపిరి నా గొంతుకు తగులుతూ ఉంది.

అత్త సాయంత్రం దాకా లోపలికి రాలేదు. నా చెయ్యి మొద్దుబారిపోయింది. పరుపు పక్కనే ఉన్నా బిడ్డను దించలేదు.