బర్రె మింగిన పన్ను

మా ఇంట్లో ఏ వస్తువూ చెత్తబుట్ట దాకా క్షేమంగా చేరదు. ఆరేళ్ల మా చిన్నోడు దాన్ని మధ్యలోనే పట్టేసుకుంటాడు. ఇంకు అయిపోయిన పెన్నులు, తెగిన చెప్పు పట్టీ, పోయినేడు బతుకమ్మ పేర్చగా మిగిలిన ఎండు గునుగుపువ్వు, అన్నీ వాడి స్కూలు బ్యాగు అడుగున ఉంటాయి. పదేళ్ల మా అమ్మాయిది ఇంకో రకం జబ్బు. లోకంలో ప్రతిదానికీ ఒక రూలు ఉందనీ, అది తనకొక్కతికే తెలుసనీ దాని నమ్మకం. పెరుగన్నం తిన్నాక నీళ్లు తాగితే పెరుగుకు కోపం వస్తుందని ఒకసారి తీర్పు చెప్పింది. తమ్ముడు సాయంత్రం దాకా నీళ్లు ముట్టలేదు.

అలాంటి వాడికి ముందు పన్ను కదిలింది. ఊడిన పన్నును పెండలో, అదే పేడలో, చుట్టి ఇంటి మీదికి విసిరితేనే కొత్తది మొలుస్తుందని వాడికి నేనే చెప్పాను. కానీ నిజామాబాద్‌లో మేముండేది కింది పోర్షన్. పెండ దొరకదు, ఇంటి మీద అంటే పైవాళ్ల బట్టలారేసే చోటు. వాడే ఆలోచించి దారి కనుక్కున్నాడు.

"చందూర్ దిక్కు పోతం గదా మమ్మీ, అమ్మమ్మ ఇంటి మీద ఏస్త."

అప్పటి నుంచి వాడికి ఆ పన్నును కాపాడటమే పని. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక పక్కనే నమిలాడు. ఎవరైనా పలకరిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని జవాబిచ్చాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు, మావాడికి ఒక్క కదిలే పన్నుతోనే ఆ హోదా వచ్చేసింది.

తీరా చందూర్‌లో మా పుట్టిల్లు చేరాక అంతా తలకిందులైంది. మా అన్న ఇప్పుడు వరే వేస్తాడు కానీ, పిల్లల కోసమని బావి దగ్గర రెండు సాళ్ల చెరుకు ఉంచాడు. ఒక గడ విరిచి ఇంటికి తెచ్చి, వాకిట్లో చేతిలో పెట్టేసరికి మావాడు నెల రోజుల కాపలా మరిచిపోయి కసుక్కున కొరికాడు. నమిలాడు, పిప్పి ఉమ్మాడు, మళ్లీ కొరికాడు. కాసేపటికి అక్క వాడి నోట్లోకి తొంగి చూసింది.

"నీ పన్నేదిరా?"

అప్పటికే మా అవ్వ, అంటే పిల్లల అమ్మమ్మ, వాకిలి ఊడ్చి పిప్పంతా గంపకెత్తి బర్రె ముందు పోసింది. మేం పరుగెత్తేసరికి అది ఆఖరి ముద్దను కళ్లు మూసుకుని నములుతోంది.

మా అమ్మాయి ఆలస్యం చేయకుండా రూలు చెప్పింది. "పన్ను ఎవల కడుపులకు పోతే గసొంటిదే మొలుస్తది. నీకు బర్రె పన్ను వస్తది."

వాడు ఏడవలేదు. అందుకే నాకు భయమేసింది. బర్రె మూతి వైపు చాలాసేపు చూసి మెల్లగా అడిగాడు. "మమ్మీ, అంత పెద్దది నా నోట్ల పట్టుతదా?"

కూతుర్ని కసిరి వంటింట్లోకి పోయాను. చిన్న ఎల్లిగడ్డ పాయ ఒలిచి, కొస కోసి, పన్నులా చెక్కి తెచ్చాను. పిప్పిలో దొరికిందని చెప్పాను. వాడు దాన్ని వాసన చూసి నా అరచేతిలోనే తిరిగి పెట్టాడు. "గిది పప్పుల ఎయ్యి మమ్మీ." నెల రోజులు నాలుకతో తడుముకున్న పన్నును వాడు గుర్తుపట్టడనుకోవడం నా బుద్ధితక్కువ.

ఆ పూట అన్నం ముట్టలేదు. పొద్దున లేచేసరికి కొట్టం దగ్గర బర్రె ఎదురుగా కూర్చుని ఉన్నాడు. మా అవ్వ పెండ తీయడానికి వచ్చి సంగతి విన్నది.

"గీ దానికేనా బిడ్డా? పన్నును పెండల సుట్టి ఏస్తరు గదా. బర్రె కడుపులనే సుట్టి తెచ్చింది సూడు. నువ్వు ఎయ్యుడే బాకి."

మా అమ్మాయి అది తన రూలే అన్నట్టు తలూపింది. వాడు రెండు చేతులా ముద్ద ఎత్తి విసిరాడు. మొదటిది పెంకుల మీద నుంచి జారి నా భుజం మీద పడింది. రెండోది నిలిచింది. మా అవ్వ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. వాడు మాత్రం ఆమె నోట్లోకే చూస్తున్నాడు.

"అమ్మమ్మా, నీ పండ్లు ఎవ్వలు ఏయలేదా ఇంటి మీద?"

"పెద్దోళ్ల పండ్లు ఎవ్వలు ఏస్తరు బిడ్డా."

వాడు ఇంకో ముద్ద తీసుకున్నాడు. "గిది అమ్మమ్మది" అని అందరికీ వినబడేలా చెప్పి, తన దానికంటే పైకి విసిరాడు. మా అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఇంట్లోకి పోయింది. ఆమె పళ్లు ఒక్కొక్కటే ఊడటం నేను చూస్తూనే ఉన్నాను, ఏం తింటున్నావని మాత్రం ఎప్పుడూ అడగలేదు. నాకు సిగ్గేసింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ వాడిదే.

"అమ్మమ్మా, వచ్చిందా?"

"ఇంక రాలే బిడ్డా. నీకు వచ్చిందా?"

వాడి చిగురులో తెల్లటి అంచు కనబడి పదిహేను రోజులైంది. వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నాకు గూడ రాలే" అంటాడు.