షాంపూ పుట్టుక చెప్పిన పెళ్లికొడుకు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అబద్ధమండీ! నా నోరు మహా మంచిది. అయినా ఆళ్లగడ్డలో నా పెళ్లిచూపులను నిండా ముంచింది. ఎలాగో వినండి.

అప్పట్లో నేను నంద్యాలలో ఇంగ్లీషు లెక్చరర్ని. వచ్చిన సంబంధమల్లా నా ఉపన్యాసాల దెబ్బకి పారిపోతోంది. "ఈసారన్నా నోరు మూసుకోని కూర్చోరా," అని బస్సులోనే చెప్పాడు మా నాయన.

కూర్చున్నాను, కాఫీ తాగేదాకా. అమ్మాయివాళ్లకు ఇంటి ముందుగదిలోనే కిరాణా అంగడి. అక్కడ వేలాడుతున్న షాంపూ పొట్లాలు చూసేసరికి నాలుక దురద పెట్టింది.

"షాంపూ యాడ్నించి వచ్చిందో తెల్సా తాతా?" అన్నాను అమ్మాయి తాతతో.

"కర్నూలు నుంచి. హోల్‌సేలోళ్లు ఏసిపోతారు."

"సరుకు కాదు తాతా, ఆ మాట! హిందీలో చాంపో అంటే నొక్కు అని. తెల్లోళ్లు ఈడికొచ్చి తల నొక్కించుకోని, మాటను ఎత్తుకోని పోయినారు. మొదట్లో షాంపూ అంటే నురగ కాదు, వట్టి మర్దనే."

తాత కళ్లు మెరిశాయి. "ఇంత తెల్సినోనివి, నొక్కేది గూడా తెల్సుంటాది గదప్పా?"

"అదేమన్నా బ్రహ్మవిద్యా!" అన్నాను. చూశారా, నోరు!

తాత తలగుడ్డ విప్పాడు. "పొద్దున్నించి తల పగిలిపోతాండాది. ఎవురన్నా ఆముదం తేండి!"

అమ్మాయి బజ్జీల పళ్లెంతో వచ్చేసరికి, పెళ్లికొడుకు ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, మోచేతులదాకా ఆముదంతో వాళ్ల తాత నెత్తి పిసుకుతున్నాడు.

"ఏం చేస్తాండారు?" అంది.

"షాంపూ," అన్నాను.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. మా నాయన ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయాడు. తాత గురక పెట్టాడు. మెల్లగా చేతులు తీయబోతే ఒక కన్ను తెరిచి, "ఏందీ, నిలిపినావ్?" అన్నాడు.

పోయేటప్పుడు అమ్మాయి తండ్రి, "ఫోన్ చేస్తాంలే," అన్నాడు. ఆ మాటకు అర్థం మాకు కొత్త కాదు. బస్సులో నాయన నన్ను వదిలి వేరే సీట్లో కూర్చున్నాడు. నాకేమో ఆ అమ్మాయి నవ్వే కళ్ల ముందు మెదులుతోంది. నిజం చెప్పొద్దూ, ఏడుపొచ్చింది.

సాయంత్రం ఫోన్ మోగింది. తాత! "సదువు సంగతి మాకేం తెల్దు గానీ, పిల్లోని చేయి మంచిది. ముహూర్తం పెట్టుకోండి."

పెళ్లయింది. ఇప్పటికీ ఆళ్లగడ్డ పోతే నాకు కాఫీ కంటే ముందు ఆముదం వస్తుంది.

మొన్న తాత, కుంగిపోయిన మంచం పక్కన కొత్త నవారు చుట్ట పెట్టుకుని, "మనవడా, మంచాన్ని ఇంగ్లీషులో కాట్ అంటారంటనే. ఆ మాట యాడ్నించి వచ్చినాది?" అన్నాడు.

ఖాట్ అనే హిందీ మాట నాలుక చివరిదాకా వచ్చింది. గడపలో మా ఆవిడ అప్పుడే కొంగు నోట్లో కుక్కుకుంటోంది.

"తెల్దు తాతా," అన్నాను.

ఆముదం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అత్తగారింట్లో ఉన్నంతసేపూ, ఇంగ్లీషులో ఏ మాటా ఎక్కణ్ణుంచీ రాలేదు.